భూమికి సాక్షి యెవరు?

మా పాఠశాలలో చదువుకొను ఒక బాలుని తండ్రి నాలుగేండ్ల క్రిందట ఒక సాయంకాలము మా యింటికి వచ్చి, పాత రేకుడబ్బా నొకదానిని మా ముందు పెట్టి, "సారూ, మీరు శానా సదువుకున్నోళ్లు. గీ కాయిదంల ఏమున్నదో జర సదివి చెప్పుండ్రి" అని యడిగెను. కాగితము నాలుగు మడతలుగా నుండెను. మడతలవద్ద చినిగి, వెనుక అన్నపు మెతుకులతో అతికించిన వేఱొక కాగితముచే నిలిచియుండెను. దానిమీది వ్రాత ఉర్దూ. మేము సంస్కృతమున పరీక్షలిచ్చినవారము. ఇంగ్లీషు చెప్పి జీవించుచున్నవారము. ఆ రెండు భాషలును మాకు గర్వకారణములే. పుప్పాలగూడ రైతొకడు తన తాత కొన్న భూమిని గూర్చిన పది పంక్తులను మా చేతిలో పెట్టిననాడు ఆ రెండును మూగవోయినవి.

తుదకు పదవీవిరమణము చేసిన యొక ఉర్దూ ఉపాధ్యాయుని యొద్దకు ఇద్దఱమును పోయితిమి. ఆయన కాగితమును దీపమునకు దగ్గఱగా పట్టుకొని చదివి చెప్పిరి. 1355 ఫసలీ, అనగా 1945-46 సంవత్సరము. ఒకడు ఇంకొకనికి తన చెలకను హాలీ సిక్కా రూపాయలకు అమ్మెను. తూర్పున వేపచెట్టు, పడమట వాగు, ఉత్తరమున కుంట అలుగు, దక్షిణమున బండ్లబాట. నడుమనున్న మోటబావియు అమ్మకములోనిదే. క్రింద వ్రేలిముద్ర, ఇద్దఱు సాక్షుల పేర్లు. రిజిస్ట్రీ లేదు, సర్వే నంబరు లేదు. తెలంగాణమున దీనినే సాదా బైనామా యందురు. తెల్లకాగితముమీద జరిగిన ఇట్టి అమ్మకములను క్రమబద్ధము చేయుమని 2020లో ప్రభుత్వమునకు లక్షల కొలది దరఖాస్తులు చేరినవన్న, ఇది ఒక యింటి కథ కాదని చదువరులు గ్రహింపగలరు.

ఆ చెలకను ఆ కుటుంబము మూడు తరములు దున్నినది. జొన్న వేసిరి, ఆముదములు వేసిరి, బావిలో నీరున్న యేడు కొంత వరియు నాటిరి. తాత శిస్తు కట్టుచుండెను. అది పట్వారి దస్త్రములో ఎవరి పేర జమపడెనో ఆయన యెఱుగడు. చదువురానివానికి రసీదనగా పట్వారి తల యూపుటయే. పుప్పాలగూడ ఆనాడు నగరమునకు పడమట, నార్సింగి, మణికొండల చెంత, గుట్టల నడుమ నొక చిన్న పల్లె. ఆ గుట్టలలో ననేకము నేడు పునాదుల క్రింది కంకరయైనవి. ప్రక్కనున్న కోకాపేటలో 2023 ఆగస్టున ప్రభుత్వము భూమిని వేలము వేసినప్పుడు ఒక యెకరము 100 కోట్ల 75 లక్షల రూపాయల వఱకు పలికినది. ఎకరము నూఱు కోట్లు పలుకు తావున హాలీ సిక్కాల నాటి చినిగిన కాగితము నెవరు మన్నింతురు?

పహాణీలో పట్టాదారు గడి యొకటి, అనుభవదారు గడి యొకటి ఉండెడివి. ఈ చెలకకు పట్టాదారు గడిలో నున్న పేరు, అమ్మినవాని యన్నది. ఉమ్మడి కుటుంబములలో పట్టా పెద్దవాని పేర నుండుట మన వాడుకయే గదా. అనుభవదారు గడిలో కొన్నియేండ్లు తాత పేరున్నది, కొన్నియేండ్లు లేదు. ఆ యేండ్లలో తాత దున్నుట మానలేదు. పట్వారి వ్రాయుట మానెను. ఇప్పుడు కొందఱు ఆ యన్న వారసులయొద్ద కొంటిమని రిజిస్టరైన దస్తావేజుతో వచ్చిరి. మా మిత్రుడు (కాగితముతో వచ్చినవాడు ఈ నాలుగేండ్లలో మిత్రుడే యైనాడు) న్యాయస్థానమున దావా వేసి యోడెను. అప్పీలు నడచుచున్నది.

దావాలో ఆయన తల్లి సాక్ష్యమిచ్చుచుండగా మేమును వెనుక బల్లమీద కూర్చుండి వింటిమి. ప్రతిపక్షపు వకీలు మర్యాదగానే యడిగెను: "అమ్మా, ఆ చెలక సర్వే నంబరెంత?" ఆమె, "నంబరు నాకెర్కలేదు బిడ్డా. మేం దాన్ని యాపచెట్టు చెలక అంటం" అనెను. "ఆ వేపచెట్టు ఇప్పుడున్నదా?" "లేదు. కొట్టేసిన్రు." వకీలు కూర్చుండెను. తీర్పులో ఆమె మాటనుగూర్చి యొక్క వాక్యమే యున్నది: సాక్షి భూమిని గుర్తింపజాలకపోయెనని. అఱువది యేండ్లు ఆ మట్టిలో కలుపు తీసిన స్త్రీ దానిని గుర్తింపజాలకపోయెనట!

ఆ వాక్యము మమ్ము నిద్రపోనీయలేదు. న్యాయాధిపతిని నిందించుటకు గాదు. ఆయన చట్టమును దప్పలేదు. స్వత్వము కోరి దావా వేసినవాడు తన హక్కు బలముచేతనే గెలువవలెను గాని ఎదుటివాని హక్కులోని లోపముచేత గాదు. రెవెన్యూ దస్త్రములలోని వ్రాత స్వత్వమును కలిగింపదు. ఈ రెండు సూత్రములును మన నగరపు టంచుననే యున్న కౌకూరు భూముల వ్యాజ్యములో 2014లో సుప్రీంకోర్టు మఱల చెప్పినవే. రిజిస్ట్రీ కాని అమ్మకపు పత్రమును స్వత్వమునకు సాక్ష్యముగా గైకొనరాదని 1908 నాటి చట్టము చెప్పుచున్నది. ఇవి యన్నియు వేర్వేఱుగా చూచిన న్యాయముగానే కనబడును. వానిని వరుసగా పేర్చినచో ఆ ముసలితల్లి భూమినుండి బయటకు నడచుటకు మెట్లవలె నగుచున్నవి. ఇట్లేల జరిగినది? నిజముగా నున్నదానిని లేదనిపించు ప్రమాణము ప్రమాణమెట్లగును?

మన ధర్మశాస్త్రములు ఈ చిక్కు నెఱుగనివి కావు. యాజ్ఞవల్క్యుడు లిఖితము, భుక్తి, సాక్షులు అని మూడు ప్రమాణములను చెప్పెను. కేవలభుక్తికంటె ఆగమము, అనగా భూమి ఎట్లు వచ్చినదను మూలము, బలీయమనియు, వంశక్రమముగా వచ్చిన భుక్తికి మాత్ర మా నియమము తగదనియు నాయన మాట. ఒకడు తన భూమిని పరుడనుభవించుచుండగా చూచుచు ఇరువదియేండ్లు మిన్నకున్న దానిని కోల్పోవునని యాయన చెప్పగా, మితాక్షర వ్రాసిన విజ్ఞానేశ్వరుడు వెనుకముందాడి, కోల్పోవునది ఫలమే గాని భూమి గాదని సవరించెను. దౌర్జన్యమునకు కాలము తోడగునేమో యని యాయన భయము.

మనుస్మృతిలో సీమావివాద ప్రకరణము మమ్ము అన్నింటికంటె నాశ్చర్యపఱచును. ఆ గ్రంథముతో మాకు పేచీలు పెక్కు గలవు. శూద్రుని, స్త్రీని అది చూచిన చూపు మేము మన్నింపగలది కాదు. ఐనను హద్దులవిషయమున ఆ గ్రంథకర్త పల్లె నెఱిగినవాడు. మఱ్ఱి, రావి, మోదుగ, బూరుగు మున్నగు చెట్లను గెట్టున నాటుమనెను. చెట్టు కూలవచ్చునని తలచి, నేలలోపల ఎముకలు, పొట్టు, బూడిద, పెంకులు, బొగ్గులు పాతిపెట్టుమనెను. వేపచెట్టు కొట్టివేయుదురని ఆ కాలమున నొకడు ముందే యూహించెను! గుర్తులు చాలనప్పుడు సాక్షులు తలపై మట్టి పెట్టుకొని, ఎఱ్ఱబట్టలు కట్టుకొని హద్దు చెప్పవలెను. ఆ సాక్షులును దొరకనిచో నెవరి నడుగవలెను? వేటకాండ్రను, పిట్టలు పట్టువారిని, పసులకాపరులను, చేపలు పట్టువారిని, వేళ్లు త్రవ్వువారిని, పాములవాండ్రను అడుగుమనెను. అడవిలో బొడ్డున తిరుగువారికే నేల యొక్క గుర్తు తెలియును గదా. నేటి న్యాయస్థానము ఎవరినడిగినను అడుగునుగాని పాములవాని నడుగదు.

ఐనచో వెనుకటి పద్ధతికే పోవలెనా? మేమట్లనము. "ఊరందఱును ఎఱుగుదురు" అనుమాట వినుటకు మధురముగా నుండును. నిజాము కాలపు తెలంగాణ పల్లెలో ఊరందఱనగా నెవరు? పటేలు, పట్వారి, దేశముఖు. వారు అవునన్నది అవును, కాదన్నది కాదు. వెట్టిచాకిరి చేయువాడు తన చెక్కను తనదని నోటితో అనగలిగెనా? మాటనే ప్రమాణముగా గైకొన్న ఊళ్లలో భూమి కోల్పోయినవారిలో ననేకులు మాట లేనివారే. కౌలుదార్ల పేర్లను రిజిస్టరు కెక్కించి రక్షితకౌలుదారులుగా గుర్తించిన 1950 నాటి హైదరాబాదు చట్టము వారికి చేసిన మేలు కాగితము చేసిన మేలే. పేదవాని పేర వ్రాసిన కాగితమును పెద్దవాడు కాదనుట, మాటను కాదనుట యంత సులభము గాదు. పైగా సాక్షులను కొనవచ్చును. నూఱుకోట్ల యెకరమునకు ఎన్ని యెఱ్ఱబట్టలైనను దొరకును.

పుప్పాలగూడకు పొరుగుననే దీనికొక పెద్ద తార్కాణము గలదు. మణికొండ జాగీరులోని 1654 ఎకరముల 32 గుంటల భూమి హజరత్ హుస్సేన్ షావలీ దర్గాకు చెందిన వక్ఫు అని 2006లో నొక సవరణ ప్రకటన వెలువడినది. ప్రభుత్వము కాదన్నది. 2012లో హైకోర్టు ప్రభుత్వపు వాదమును త్రోసివేసినది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ప్రభుత్వపక్షముగా తీర్పు చెప్పినది. అక్కడ తేలవలసినది భక్తి కాదు, పూర్వమిచ్చినది యేమి యను ప్రశ్న. జాగీరనగా నేల కాదు, నేలపై వచ్చు రాబడి. 1949 ఆగస్టున జాగీరుల రద్దుతో అది ప్రభుత్వమున చేరినది. దర్గాకు మిగిలినది నష్టపరిహారపు సొమ్ముపై హక్కు. తరతరముల వాడుకవలన కలిగిన నమ్మకము, మూలపత్రము నడుగగానే వేఱురూపము దాల్చినది. ఆ తీర్పును మేము తప్పుపట్టము. వాడుకను నమ్ముమని చెప్పువాడు అన్ని వాడుకలను నమ్మవలసివచ్చునని మాత్రమే చెప్పుచున్నాము.

కాని యిందు నొక భేదము గలదు. జాగీరు అనునది దస్త్రములలో పుట్టినది. సనదు, మున్‌తఖబు, అతియాతు విచారణ: దాని బ్రదుకంతయు కాగితముమీదనే. అట్టిదానికి కాగితము నడుగుట తగును. వేపచెట్టు చెలక పుట్టినది నాగటిచాలులో. దానికి కాగితము నడుగుట, చేపను నీ అడుగుజాడ చూపుమనుట వంటిది.

ఇచ్చట తర్కశాస్త్రమునుండి ఒక మాట మనకు ఉపకరించును. భాట్టమీమాంసకులును అద్వైతులును అనుపలబ్ధిని ఒక ప్రమాణముగా నంగీకరించిరి. బల్లపై కుండ కనబడలేదు గనుక కుండ లేదని తెలియుచున్నది. ఐతే దానికి వారొక కట్టుబాటు పెట్టిరి: కుండయే యుండినచో కనబడుటకు తగిన యవస్థ యుండవలెను. చీకటిలో కుండ కనబడలేదనుటచేత కుండ లేదని సిద్ధింపదు. దీనిని యోగ్యానుపలబ్ధి యనిరి. ఇప్పుడు పహాణీని తీసికొందము. తాత పేరు దానిలో కనబడలేదు. కావున తాతకు హక్కు లేదు. ఈ యనుమానము నిలువవలెనన్న, తాతకు హక్కున్నచో పట్వారి తప్పక వ్రాసియుండును అని ముందుగా రుజువు కావలెను. ఎవరు రుజువు చేసిరి? పట్వారి దయ లేనిదే గడి నిండని కాలమున, రైతుకు రాని భాషలో, రైతు చూడని దస్త్రములో ఒక పేరు లేకపోవుట చీకటిలో కుండ కనబడకపోవుటయే. న్యాయస్థానము కుండ లేదనుచున్నది. దీపము వెలిగించెనా యని మా ప్రశ్న.

విజ్ఞానేశ్వరుడే యింకొక పెద్దప్రశ్న వేసియున్నాడు: స్వత్వము శాస్త్రమువలన మాత్రమే తెలియునదా, లోకవ్యవహారమువలన తెలియునదా? ఆయన నిర్ణయము లౌకికమని. శాస్త్రగంధమెఱుగని దూరప్రాంతవాసులును కొనుట, అమ్ముట, ఇది నాది యనుట చేయుచున్నారు గదా యని యాయన చూపిన హేతువు. ఆయన కల్యాణనగరమున చాళుక్యవిక్రముని కాలమున వ్రాసెను. ఆ కల్యాణము 1956 వఱకు మన హైదరాబాదు రాజ్యములోనిదే. శాస్త్రమను పదమునకు బదులు రిజిస్టరను పదమును చేర్చి చదివినచో ప్రశ్న మనదే యగును. రిజిస్టరు స్వత్వమును వ్రాసికొనునా, లేక పుట్టించునా? వ్రాసికొనునదైనచో తప్పు వ్రాసినప్పుడు దిద్దుకొనవలెను. పుట్టించునదైనచో, అందు లేనివాడు లేనివాడే.

2020 అక్టోబరులో తెలంగాణమున ధరణి యను కంప్యూటరు దస్త్రము వచ్చినప్పుడు దానిలో అనుభవదారు గడి తీసివేయబడినది. గడి యొక్కటి తగ్గినది, అంతియే గదా యని పెక్కండ్రనుకొనిరి. మాకు మాత్రము భుక్తి యను ప్రమాణమునే ఒక మీటనొక్కి తుడిచినట్లు తోచినది. పైగా అందలి తప్పుపై అప్పీలునకు చట్టమున దారి లేకపోయెను. 2025 ఏప్రిలులో భూభారతి చట్టము వచ్చి అప్పీలుకు దారి నేర్పఱచినది; సాదా బైనామాలకును ఒక మార్గము చూపినది. మంచిదే. కాని వ్యాజ్యములో నున్న భూమికి ఆ మార్గమున తొందరగా మేలు కలుగునని మా మిత్రునకు ఏ వకీలును చెప్పలేదు.

చట్టమునం దింకొక ద్వారము గలదు. దానిని తలచినప్పుడెల్ల మాకు నవ్వును కోపమును కలిసి వచ్చును. పండ్రెండేండ్లు పరుని భూమిని, అది పరునిదని యెఱిగియే, బహిరంగముగా ఆక్రమించి యుండినచో ఆక్రమించినవానికే అది దక్కును. మిత్రుని వకీలు ఆయనతో, "ఈ భూమి నాది కాదు, వారిది, వారిని ధిక్కరించి కబ్జా చేసితిని అని వ్రాయుదమా?" యని యడిగెనట. ఆయన, "మా తాత పైసలిచ్చి కొన్నడు. దొంగనని నేనెట్ల రాసిస్త?" అనెను. చట్టము ఆయనకు రెండు దారులు చూపినది: యజమాని ననుము, నీయొద్ద పత్రము లేదు, దొంగ ననుము, నీకు దక్కవచ్చును. ఆయన మొదటిదారినే యోడెను. ఓడుటలో ఆయన పోగొట్టుకొననిది యొకటి యున్నది గాని, దానిని సర్వే నంబరు వేసి కొలువజాలము.

ఇది మన దేశపు చిక్కు మాత్రమే గాదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో గిట్‌క్సన్, వెట్‌సువెటెన్ అను జాతులు తమ పూర్వుల భూమికై వ్యాజ్యము వేసిరి. వారి దస్తావేజులు పాటలు, పుక్కిటికథలు. ఒక ముసలి యామె న్యాయస్థానమున తన వంశపు పాట పాడబూనగా న్యాయాధిపతి, తనకు సంగీతజ్ఞానము లేదనియు, పాటవలన ప్రయోజనము లేదనియు చెప్పెను. ఆమె పాడెను. 1991లో వ్యాజ్యము కొట్టివేయబడినది. 1997లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దుచేసి, నోటిచరిత్రను వ్రాతపత్రములతో సమానస్థానమున నుంచి విచారింపవలెనని చెప్పినది. సమానస్థానమనగా నమ్మి తీరవలెనని గాదు, వినకుండ త్రోసివేయరాదని. మనము కోరదగినదియు నంతియే.

అట్టిది మనకును అసాధ్యము గాదు. 2006 నాటి అటవీహక్కుల చట్టముక్రింద చేసిన నియమములలో పెద్దలు చెప్పగా వ్రాసికొన్న వాఙ్మూలమును, బావులు, శ్మశానములు, పుణ్యస్థలములు వంటి గుర్తులను సాక్ష్యములుగా చేర్చిరి. బావి సాక్షియని చట్టమే ఒప్పుకొన్నది! అంతకు ముందును, 1940లో జోడేఘాట్ వద్ద కొమరం భీము ప్రాణము పోయిన పిమ్మట, నిజాము ప్రభుత్వము హైమండార్ఫ్ అను పండితుని ఆదిలాబాదు అడవులకు పంపి గోండుల స్థితిని విచారింపజేసి, తరువాత వారికి లావణీ పట్టాలిచ్చినది. అనగా కాగితము లేనివానిని కాగితము తెమ్మనక, కలము చేతనున్నవాడే వానియొద్దకు పోయి వ్రాసియిచ్చెను. రక్తము చిందిన తరువాత గాని ఆ పని జరుగకపోవుట వేఱు సంగతి.

దస్త్రమును ఎవరు దాచిరో, ఎవరు వ్రాసిరో, ఎవరి నౌకరు వ్రాయక మానెనో వారిమీదనే ఋజువు భారములో కొంత మోపుట ధర్మమని మాకు తోచుచున్నది. సేత్వారు, వసూల్‌బాకీ, ఖాస్రా పహాణీ, టిప్పను, నక్షా: ఇవన్నియు ప్రభుత్వపు బీరువాలలోనివే. 1984లో పటేలు పట్వారీల పద్ధతి పోయినప్పుడు, ఎన్ని దస్త్రములు ఎవరి యిండ్లలో చెదలపాలైనవో ఎవరు లెక్కించిరి? రైతును పత్రము తెమ్మనుటకు ముందు, న్యాయస్థానము ఆ బీరువాను తెఱపింపవలదా? తెఱచిన పిమ్మటను ఏమియు లేకున్న అప్పుడు ముసలితల్లి మాటను, గెట్టు రైతుల మాటను, నేలలోని గుర్తులను కలిపి తూచవచ్చును. తూచిన తరువాత ఆమె యోడినను ఓడవచ్చును. చూడకయే ఆమె గుర్తింపజాలకపోయెనని వ్రాయుట మాకు సహింపదు.

గడచిన వేసవిలో అప్పీలు కోర్టు ఒక కమిషనరును స్థలమునకు పంపినది. మేమును వెంట పోయితిమి. వాగు సిమెంటు కాలువయై యున్నది. బండ్లబాట అఱువదడుగుల రోడ్డు. కుంట అలుగు ఏ గోడక్రిందనున్నదో కానరాదు. ముసలామె మనుమని భుజముపై చేయివేసి నడిచి, ఒక రేకుల షెడ్డు ముందు నిలిచి, కాలితో నేలను తట్టి, "గీడనే బాయి. గిలక గీ దిక్కుండె" అనెను. కమిషనరు యువకుడు; వినయవంతుడు. చుట్టును చూచి, స్థలమున బావి కనబడలేదని వ్రాసికొనెను.

పాత గ్రామనక్షాలలో బావులకు గుర్తులుండునని మేము చెప్పగా, నక్షా ప్రతికై కచేరీలో అర్జీ పెట్టిరి. ఏడువారములైనది, ప్రతి యింకను రాలేదు. ఆమె ప్రతి ఆదివారమును మనుమని మా యింటికి పంపుచున్నది, బాయి దొరికిందా అని సారును అడిగి రమ్మని.